రాజ్యాంగం, ప్రభుత్వం: ఓరుగల్లు దిక్కు జనం తరచుగా అడిగే ప్రశ్నలు

ముప్పై ఏళ్లు ఇంటర్ పిల్లలకు పౌరశాస్త్రం చెప్పి రిటైరయ్యాను. ఇప్పుడు హన్మకొండలో గ్రూప్స్‌కు చదివే పిల్లలతో, అప్పుడప్పుడు ఊళ్లల్లో వార్డు మెంబర్లతో, మహిళా సంఘాల అక్కచెల్లెళ్లతో కూర్చుని రాజ్యాంగం గురించి మాట్లాడుతుంటాను. పాఠ్యపుస్తకంలోని వరస ఒకటి, జనం అడిగే వరస ఇంకొకటి. ఇక్కడ జనం వరసనే పట్టుకున్నాను. ప్రశ్నలు చాలామటుకు వాళ్ల మాటల్లోనే ఉన్నాయి.

సార్, రాజ్యాంగమంటే అన్ని చట్టాలు కలిపి కుట్టిన పుస్తకమేనా?

కాదు. దొంగతనానికి ఎన్నేళ్ల జైలో, భూమి రిజిస్ట్రేషన్‌కు ఏ కాగితాలు కావాలో అందులో వెతికితే దొరకవు. అవి చట్టాల్లో ఉంటాయి. చట్టం మిమ్మల్నీ నన్నూ కట్టేస్తుంది. ఆ చట్టం చేసేవాళ్లను, అమలు చేసేవాళ్లను కట్టేసేది రాజ్యాంగం. చట్టం ఎవరు చేయాలి, ఏ పద్ధతిలో చేయాలి, ఏ హద్దు దాటకూడదు, దాటితే ఎవరు ఆపాలి అన్నదంతా అందులో ఉంది.

ఒక్క ఉదాహరణ చెప్తాను. 265వ అధికరణ (ఆర్టికల్) ఒక్క వాక్యమే: చట్టం ఇచ్చిన అధికారం లేకుండా ఏ పన్నూ వేయరాదు, వసూలు చేయరాదు. పంచాయతీ కార్యదర్శి ఇంటిపన్ను రసీదు రాస్తే దాని వెనక పంచాయతీరాజ్ చట్టం ఉంది, ఆ చట్టం వెనక శాసనసభ ఉంది, శాసనసభకు ఆ అధికారమిచ్చింది రాజ్యాంగం. ఈ గొలుసులో ఒక్క లంకె తెగినా రసీదు చెల్లదు. 13వ అధికరణ ఇంకో అడుగు ముందుకేసింది: ప్రాథమిక హక్కులకు విరుద్ధంగా చేసిన చట్టం, ఎంత విరుద్ధమో అంతమేరకు చెల్లదు.

1950 జనవరి 26న అమలులోకి వచ్చినప్పుడు 395 అధికరణలు, 8 షెడ్యూళ్లు (చివర చేర్చిన పట్టికలు) ఉండేవి. ఇప్పుడు షెడ్యూళ్లు 12 అయ్యాయి.

నిజాం కాలంల రాజ్యాంగం లేకున్నా రాజ్యం నడువలేదా?

నడిచింది. చట్టాలుండేవి, హైకోర్టు ఉండేది. 1920ల్లోనే న్యాయశాఖను రెవెన్యూ అధికారుల చేతి నుంచి విడదీశారు కూడా. ఆ మాట చెప్పకపోతే అన్యాయమవుతుంది. అయితే వీటన్నిటి మీద ఫర్మానా ఉండేది. నవాబు సంతకంతో ఒక్క కాగితం వస్తే కింద ఉన్నదంతా పక్కకు జరగాల్సిందే. ఆ కాగితాన్ని ప్రశ్నించే చోటు ఎక్కడా లేదు.

సభ పెట్టుకోవాలంటే గస్తీ నిషాన్ 53 అనే సర్కారు ఉత్తర్వు అడ్డం వచ్చేది. ముందుగా అనుమతి తెచ్చుకోకుండా నలుగురు కూడి మాట్లాడే వీలు లేదు. ఇక ఊళ్లల్లో నవాబు దాకా కూడా పోయే పని లేదు. గడిలోని దొర మాటే చట్టం. చాకలి, మంగలి, కుమ్మరి, మాదిగ, ఎవరి వంతు వెట్టి వాళ్లు చేయాల్సిందే. 1946 జులై 4న కడవెండిలో దొడ్డి కొమురయ్య తుపాకి గుండుకు నేలకొరిగింది ఆ వ్యవస్థ మీద లేచిన ఊరేగింపులోనే.

ఇప్పుడు రాజ్యాంగం తెరిచి 23వ అధికరణ చూడండి. మనుషుల క్రయవిక్రయాలను, వెట్టిచాకిరిని, బలవంతపు పనిని అది నిషేధించింది. 19వ అధికరణ తీయండి. ఆయుధాలు లేకుండా శాంతియుతంగా సమావేశమయ్యే హక్కు ఉంది. 17వది అంటరానితనాన్ని రద్దు చేసింది. ఢిల్లీలో కూర్చుని రాసిన పుస్తకమే అయినా, మన తాతల మీద పడ్డ దెబ్బలకు అందులో పేరుపేరునా జవాబుంది. నేను క్లాసులో ఈ మూడు అధికరణలను ఎప్పుడూ జనగామ ఊళ్ల కథతోనే మొదలుపెట్టేవాణ్ని.

కాకతీయుల కాలాన్ని కూడా కొందరు పిల్లలు అడుగుతారు. మంచి ప్రశ్నే. గణపతిదేవుడు 1244లో మోటుపల్లి రేవులో అభయశాసనం వేయించాడు. తుపానుకు ఓడలు ఒడ్డుకు కొట్టుకొస్తే వెనకటి రాజులు సరుకంతా లాక్కునేవారు. తాను మాత్రం నిర్ణయించిన సుంకం తప్ప ఏమీ ముట్టనని రాతి మీద చెక్కించాడు. పాలకుడు తన చేతికి తానే హద్దు గీసుకోవడం గొప్ప సంగతే. కానీ ఆ మాట ఇచ్చింది రాజు. ఆయన తరవాతివాడు తప్పితే వర్తకుడు ఎవరి దగ్గర మొరపెట్టుకోవాలి? మన రాజ్యాంగ పీఠిక 'భారత ప్రజలమైన మేము' అని మొదలై 'మాకు మేము ఇచ్చుకుంటున్నాము' అని ముగుస్తుంది. ఇచ్చినవాళ్లు ప్రజలు కాబట్టి తీసుకునే హక్కు ఏ పాలకుడికీ లేదు, మాట తప్పితే మొరపెట్టుకోవడానికి కోర్టు ఉంది.

రాజ్యాంగం రాసేటప్పుడు మనోళ్లు ఉన్నారా?

హైదరాబాద్ రాజ్యం తరఫున ఎవరూ లేరు. ఇది చాలామందికి తెలియదు. తెలిసినవాళ్లు కూడా పెద్దగా చెప్పరు.

రాజ్యాంగ సభ 1946 డిసెంబరు 9న మొదటిసారి కూర్చుంది. అప్పటికి మనం నిజాం పాలనలో ఉన్నాం. 1948 సెప్టెంబరులో సైనిక చర్య జరిగి సంస్థానం యూనియన్‌లో కలిశాక కూడా ఇక్కడినుంచి ప్రతినిధులు వెళ్లలేదు. 1949 నవంబరు 26న సభ రాజ్యాంగాన్ని ఆమోదించడానికి మూడు రోజుల ముందు, నవంబరు 23న, నిజాం ఒక ఫర్మానా ఇచ్చి ఈ రాజ్యాంగమే హైదరాబాద్‌కూ వర్తిస్తుందని ఒప్పుకున్నాడు. ఫర్మానాల రాజ్యం ఆఖరికి ఇంకో ఫర్మానాతోనే రాజ్యాంగంలోకి వచ్చింది. ఆ తరవాత 1956 దాకా ఆయనే రాజ్‌ప్రముఖ్‌గా, అంటే గవర్నర్ లాంటి పదవిలో, ఉన్నాడు.

జనం సంతకం మాత్రం 1952 ఎన్నికల్లో పడింది. 1951 అక్టోబరులో సాయుధ పోరాటాన్ని విరమించిన కమ్యూనిస్టులు, పార్టీ మీద నిషేధం ఉండటంతో పీడీఎఫ్ (పీపుల్స్ డెమోక్రటిక్ ఫ్రంట్) పేరుతో నిలబడ్డారు. వరంగల్ లోక్‌సభకు పెండ్యాల రాఘవరావు గెలిచారు. కరీంనగర్‌లో బద్దం ఎల్లారెడ్డి గెలిచి, కాంగ్రెస్ తరఫున నిలబడ్డ పి.వి.నరసింహారావును ఓడించారు. నిన్నటిదాకా తుపాకులతో ఎదురెదురుగా నిలిచిన పక్షాలు ఓట్ల డబ్బాల ముందు నిలబడ్డాయి. గడిముందు చెప్పులు విడిచి నడిచిన మనిషికి, గడిలో కూర్చున్న మనిషికి చెరొక్క ఓటే. ఆస్తి, చదువు, కులం, ఆడ, మగ అన్న తేడా లేకుండా 21 ఏళ్లు నిండినవాళ్లందరికీ ఓటిచ్చారు. 61వ సవరణ ఆ వయసును 18కి దించింది.

కలెక్టర్ పెద్దనా, ఎమ్మెల్యే పెద్దనా?

ఊళ్లల్లో ఎక్కువగా వినే ప్రశ్న ఇదే. ఇద్దరి పనులు వేరు కాబట్టి పెద్దా చిన్నా అన్న కొలత ఇక్కడ పనిచేయదు.

ఎమ్మెల్యే శాసనసభ మనిషి. చట్టం చేయడం, బడ్జెట్‌ను ఆమోదించడం, మంత్రులను నిలదీయడం ఆయన పని. కలెక్టర్ కార్యనిర్వాహక శాఖ మనిషి. సభ చేసిన చట్టాన్ని జిల్లాలో అమలు చేయడం ఆయన బాధ్యత. జిల్లా జడ్జి మూడో శాఖ. ఆ చట్టం ప్రకారమే పని జరిగిందా లేదా అన్నది తేల్చేది అక్కడ. ఎమ్మెల్యే నేరుగా తహసీల్దారుకు ఫలానావాడి పేరు పట్టాదారు పాసుబుక్కులో ఎక్కించమని హుకుం వేయలేడు. కలెక్టర్ చట్టం లేకుండా ఎవరి ఇల్లూ కూలగొట్టలేడు. జడ్జి తనంతట తాను కొత్త పథకం పెట్టలేడు.

హన్మకొండలో సుబేదారి అని పిలుచుకునే ఏరియా ఉంది కదా, ఆ పేరు నిజాం కాలపు సుబేదారు నుంచి వచ్చింది. సుబా మొత్తానికి ఆయన పెత్తనం. పాత అలవాటు మన మాటల్లో ఇంకా మిగిలింది కనుకనే 'ఎవరు పెద్ద' అని అడుగుతాం. సోమవారం ప్రజావాణికి అర్జీ పట్టుకుని పోయేటప్పుడు కలెక్టర్ దయతో చేసే పనిగా కాక, ఏ చట్టం కింద ఆయన చేయాల్సిన పనో తెలుసుకుని పోతే అర్జీ రాసే తీరే మారుతుంది.

ముఖ్యమంత్రిని మనమే గెలిపిస్తున్నం కద. మధ్యల ఎమ్మెల్యేలు ఎందుకు?

మనం ముఖ్యమంత్రికి ఓటు వేయం. వరంగల్ తూర్పులోనో, పరకాలలోనో, భూపాలపల్లిలోనో ఎమ్మెల్యేకు వేస్తాం. తెలంగాణ శాసనసభలో 119 మంది. అందులో కనీసం 60 మంది ఎవరివెంట ఉంటే వాళ్లు ముఖ్యమంత్రి. ఆ 60 మంది వెనక్కు జరిగిన రోజు ప్రభుత్వం దిగిపోవాలి. అయిదేళ్ల గడువు సభకు, ప్రభుత్వానికి అంత భరోసా ఏమీ లేదు. పార్లమెంటరీ పద్ధతికి ప్రాణం అక్కడే ఉంది. మంత్రిమండలి మొత్తంగా సభకు జవాబుదారీ.

మంత్రులు ఎంతమందైనా ఉండొచ్చా అని కూడా అడుగుతారు. 91వ సవరణ తరవాత ముఖ్యమంత్రితో కలిపి సభ సంఖ్యలో 15 శాతం మించరాదు. 119లో 15 శాతం 17.85, దాన్ని 18 మందిగా లెక్కవేస్తున్నారు. పత్రికల్లో 'మంత్రివర్గంలో ఇంకా ఇన్ని ఖాళీలు' అని రాసేది ఈ లెక్క మీదనే.

ఇందులో నన్ను బాధపెట్టే సంగతి పార్టీ ఫిరాయింపులు. ఒక గుర్తు మీద గెలిచి ఇంకో గుర్తు వైపు కూర్చోవడాన్ని ఆపడానికి 1985లో 52వ సవరణతో పదో షెడ్యూలు తెచ్చారు. కానీ అనర్హత మీద తీర్పు చెప్పే అధికారం స్పీకరుకు ఇచ్చారు. ఆయన ఎక్కువసార్లు పాలకపక్షం మనిషి. ఫిర్యాదు పెట్టినవాళ్లు ఏళ్ల తరబడి ఎదురుచూడటం తెలంగాణ వచ్చిన కాడినుంచి చూస్తూనే ఉన్నాం. 2025 జులై 31న సుప్రీంకోర్టు తెలంగాణ కేసులోనే స్పీకరుకు మూడు నెలల్లో తేల్చమని చెప్పింది. నా మటుకు నాకు, ఈ అధికారాన్ని స్పీకరు చేతి నుంచి తీసి స్వతంత్ర సంస్థకు అప్పగిస్తేనే ఓటుకు విలువ మిగులుతుంది.

మరి గవర్నర్ ఎందుకు?

రాష్ట్ర కార్యనిర్వాహక అధికారం కాగితం మీద గవర్నర్‌ది. నడిపేది మంత్రిమండలి. రాజ్యాంగం ప్రత్యేకంగా విచక్షణ ఇచ్చినచోట్ల తప్ప ఆయన మంత్రుల సలహా ప్రకారమే నడవాలి. చిక్కంతా సభ పంపిన బిల్లును ఆయన దగ్గర పెట్టుకున్నప్పుడు వస్తుంది. 200వ అధికరణలో ఒప్పుకోవడం, తిప్పి పంపడం, రాష్ట్రపతికి పంపడం వంటి దారులున్నాయి. 'వీలైనంత త్వరగా' అన్న మాట ఉంది, రోజుల లెక్క లేదు. 2023లో తెలంగాణ ప్రభుత్వం పెండింగ్ బిల్లుల మీద సుప్రీంకోర్టుకు పోయినప్పుడు, ఆ 'వీలైనంత త్వరగా' అన్న మాటకు గట్టి రాజ్యాంగ విలువ ఉందని కోర్టు గుర్తుచేసింది.

ఏది ఢిల్లీది, ఏది హైదరాబాద్‌ది?

ఏడో షెడ్యూలు చూడండి. అందులో మూడు జాబితాలున్నాయి. కాజీపేట జంక్షన్, పోస్టాఫీసు, సైన్యం, కరెన్సీ కేంద్ర జాబితాలోవి. పోలీసు, భూమి, వ్యవసాయం, ఎంజీఎం లాంటి సర్కారు దవాఖానలు రాష్ట్రానివి. చదువు, అడవి ఉమ్మడి జాబితాలో ఉన్నాయి. ఈ రెండూ మొదట రాష్ట్రానివే. 1976లో 42వ సవరణతో అటు మారాయి. ఉమ్మడి విషయంలో రెండు చట్టాలు ఢీకొంటే సాధారణంగా కేంద్ర చట్టమే నిలుస్తుంది. ఏ జాబితాలోనూ లేనిది కేంద్రానిది.

నీళ్లు రాష్ట్ర జాబితాలో ఉన్నా, రెండు రాష్ట్రాల మీదుగా పారే నదిని నియంత్రించే అధికారం పార్లమెంటుకు ఉంది. గోదావరి, కృష్ణ పంచాయితీలు ట్రిబ్యునళ్ల దాకా పోయేది అందుకే.

అసెంబ్లీ వద్దన్నా తెలంగాణ ఎట్లొచ్చింది?

మూడో అధికరణ వల్ల. కొత్త రాష్ట్రాన్ని ఏర్పాటు చేసే అధికారం పార్లమెంటుకు ఉంది. బిల్లును రాష్ట్రపతి సంబంధిత శాసనసభకు పంపి అభిప్రాయం అడగాలి. అడగడం తప్పనిసరి, ఆ అభిప్రాయానికి కట్టుబడటం తప్పనిసరి కాదు. 2014 జనవరి 30న ఆంధ్రప్రదేశ్ శాసనసభ బిల్లును మూజువాణి ఓటుతో తిరస్కరించింది. అయినా ఫిబ్రవరి 18న లోక్‌సభ, 20న రాజ్యసభ ఆమోదించాయి. మార్చి 1న రాష్ట్రపతి సంతకం, జూన్ 2న రాష్ట్రం.

ఈ అధికరణ మీద ఒక నిమిషం ఆగాలి. సమాఖ్య అంటే రాష్ట్రాల అనుమతి లేకుండా వాటి సరిహద్దులు మార్చకూడదు కదా, మన రాజ్యాంగం ఎందుకిట్లా రాసింది? రాసేనాటికి దేశంలో వందల సంస్థానాలు కలిసిపోతున్నాయి, భాషా రాష్ట్రాల కోరిక రగులుతోంది. పటం ఇంకా తయారవుతున్నప్పుడు ప్రతి ముక్కకూ వీటో ఇస్తే ఏ గీతా గీయలేమని వాళ్లు అనుకున్నారు. దాని అర్థం ఇంకోటి కూడా ఉంది. సభలో సంఖ్యాబలం లేని ప్రాంతం కూడా ఢిల్లీ దాకా వెళ్లి న్యాయం అడిగే దారి అది. ఆర్ట్స్ కాలేజీ గేట్ల దగ్గర నిలబడ్డ పిల్లలు ఆ అధికరణ నంబరును నోటికి చెప్పేవాళ్లు. నేను ముప్పై ఏళ్లలో నేర్పలేకపోయిన పాఠాన్ని ఉద్యమం ఒక్క ఏడాదిలో నేర్పింది. అదే అధికారం రేపు మనకు నచ్చని రాష్ట్ర విభజనకూ పనికొస్తుంది. ఆ సంగతి కూడా పిల్లలకు చెప్పాలి.

స్థానికత, జోన్లు రాజ్యాంగంల ఉన్నయా?

ఉన్నాయి. స్థానికులకు చదువుల్లో, ఉద్యోగాల్లో అవకాశాలు చూసే 371-డి అధికరణ. దాని వెనక మన ఊరి చరిత్ర ఉంది. నిజాం కాలపు ముల్కీ నిబంధనలు స్థానికులకు ఉద్యోగాల్లో రక్షణ ఇచ్చాయి. అవి అమలు కావడం లేదని 1952లో మొదట కదిలింది హన్మకొండ విద్యార్థులే. 1956లో ఆంధ్ర, తెలంగాణ నాయకుల మధ్య పెద్దమనుషుల ఒప్పందం కుదిరింది కానీ దాన్ని అమలు చేయించే కోర్టు లేదు. అది రాజ్యాంగంలో లేదు, కేవలం మాట. 1972 అక్టోబరులో సుప్రీంకోర్టు ముల్కీ నిబంధనలు చెల్లుతాయని చెప్పాక అటువైపు ప్రత్యేకాంధ్ర కోరుతూ జై ఆంధ్ర ఉద్యమం లేచింది. అప్పుడు ముఖ్యమంత్రిగా ఉన్న పి.వి. 1973 జనవరిలో దిగిపోయారు, రాష్ట్రపతి పాలన వచ్చింది. ఆ ఏడాదే 32వ సవరణ 371-డిని చేర్చింది, 1975లో రాష్ట్రపతి ఉత్తర్వు వచ్చింది. 2018లో తెలంగాణకు కొత్త ఉత్తర్వు వచ్చి, స్థానిక ఉద్యోగాల కోసం విడదీసిన జోన్లు ఏడయ్యాయి. హన్మకొండ, వరంగల్ భద్రాద్రి జోన్‌లో ఉన్నాయి.

గ్రూప్స్ పిల్లలు ఈ తేదీలను బట్టీ పడతారు. దాని లోపల ఉన్న తేడా పట్టుకోండి: పెద్దమనుషుల మాట పదిహేనేళ్లు కూడా నిలవలేదు, అధికరణగా రాసింది ఇప్పటికీ మీ హాల్‌టికెట్ మీద పనిచేస్తోంది.

పోలీసులు మనిషిని ఎత్తుకపోతే రాజ్యాంగం ఏం జేస్తది?

22వ అధికరణ ప్రకారం అరెస్టయిన మనిషికి కారణం చెప్పాలి, తనకు నచ్చిన వకీలుతో మాట్లాడనివ్వాలి, ప్రయాణ సమయం తీసేసి 24 గంటల్లోగా మేజిస్ట్రేటు ముందు నిలబెట్టాలి. నేరం చేయకుండా ముందుగానే పట్టి ఉంచే నివారక నిర్బంధం కేసులకు మాత్రం వేరే పద్ధతి. 1996లో డి.కె.బసు కేసులో సుప్రీంకోర్టు ఇంకా వివరంగా చెప్పింది: అరెస్టు మెమో రాయాలి, సాక్షి సంతకం ఉండాలి, ఇంటివాళ్లకు కబురు చేయాలి.

నాకు తెలిసిన ఒక కుటుంబంలో అబ్బాయిని స్టేషనుకు తీసుకుపోయి రెండు రాత్రులు ఉంచారు. ఎక్కడా రాతలేదు. తల్లి గేటు బయట కూర్చుంది. మూడో రోజు పొద్దున వకీలు హైకోర్టులో హెబియస్ కార్పస్ వేస్తున్నామని చెప్పగానే అబ్బాయి ఇంటికొచ్చాడు. పిటిషన్ వేయకముందే, దాని పేరుకే అంత పని జరిగింది. హెబియస్ కార్పస్ అంటే 'మనిషిని తెచ్చి చూపించు' అని కోర్టు ఆజ్ఞ. చేయాల్సిన పని చేయని అధికారి మీద మాండమస్. హక్కు లేకుండా పదవిలో కూర్చున్నవాడి మీద కో వారంటో. కింది కోర్టు హద్దు దాటితే ప్రొహిబిషన్, సెర్షియరరీ. ప్రాథమిక హక్కు పోతే 32వ అధికరణ కింద నేరుగా సుప్రీంకోర్టుకు, 226 కింద హైకోర్టుకు పోవచ్చు. 2019 జనవరి 1 నుంచి తెలంగాణకు సొంత హైకోర్టు ఉంది.

ఖర్చు భయపెడుతుందని తెలుసు. జిల్లా కోర్టు ఆవరణలో న్యాయసేవాధికార సంస్థ ఉంటుంది. ఆడవాళ్లకు, పిల్లలకు, ఎస్సీ, ఎస్టీలకు, కస్టడీలో ఉన్నవాళ్లకు ఆదాయంతో పని లేకుండా ఉచితంగా వకీలును ఇస్తారు. చాలామంది ఆ గుమ్మం దాకా పోకుండానే వెనక్కి తిరుగుతారు.

ఎమర్జెన్సీల ఈ హక్కులన్నీ యాడికి పోయినయ్?

1975 జూన్ 25 నుంచి 1977 మార్చి 21 దాకా. ఓరుగల్లులో అప్పుడు చదువుకున్నవాళ్లు ఆ రోజులను మర్చిపోరు. ఎమర్జెన్సీ వచ్చిన నెల తిరక్కుండానే మెదక్ జిల్లా గిరాయిపల్లి అడవిలో నలుగురు యువకులు పోలీసు కాల్పుల్లో చనిపోయారు. వాళ్లలో వరంగల్ ప్రాంతీయ ఇంజినీరింగ్ కళాశాల విద్యార్థి ఉన్నాడు. ఎదురుకాల్పులని పోలీసులన్నారు, అది ఎదురుకాల్పులు కాదని తరవాత పౌరహక్కులవాళ్ల తార్కుండే కమిటీ చెప్పింది.

1976 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు కూడా తలవంచింది. ఎమర్జెన్సీలో హెబియస్ కార్పస్ అడిగే వీలు లేదని ఐదుగురిలో నలుగురు న్యాయమూర్తులు తీర్పు చెప్పారు. హెచ్.ఆర్.ఖన్నా ఒక్కరే కాదన్నారు. ఆయనకు రావాల్సిన ప్రధాన న్యాయమూర్తి పదవి రాలేదు. 1978లో 44వ సవరణ ఆ దారిని మూసేసింది. ఇప్పుడు ఎమర్జెన్సీ పెట్టినా 20, 21 అధికరణలను నిలిపివేయలేరు. 'అంతర్గత కల్లోలం' అన్న మాట తీసేసి 'సాయుధ తిరుగుబాటు' అని పెట్టారు. మంత్రిమండలి రాతపూర్వకంగా సిఫారసు చేయాలి. ఆ 1976 తీర్పు తప్పని సుప్రీంకోర్టు 2017లో తానే చెప్పింది. నలభై ఏళ్లు పట్టింది.

మెజారిటీ ఉంటే రాజ్యాంగాన్ని మొత్తం మార్చేయొచ్చా?

సవరించొచ్చు. 2023 నాటికి 106 సవరణలయ్యాయి. 368వ అధికరణ కింద ప్రతి సభలో మొత్తం సభ్యుల్లో సగానికి మించి, హాజరై ఓటేసినవాళ్లలో మూడింట రెండొంతులు ఒప్పుకోవాలి. రాష్ట్రపతి ఎన్నిక, ఏడో షెడ్యూలు, హైకోర్టుల వంటి విషయాలకు సగం రాష్ట్రాల శాసనసభలు కూడా ఒప్పుకోవాలి.

మొత్తం మార్చేయడం మాత్రం కుదరదు. ఈ మాట తేలడానికి పెద్ద కొట్లాటే జరిగింది. 1967లో గోలక్‌నాథ్ కేసులో మన తెలుగువారు, ప్రధాన న్యాయమూర్తి కోకా సుబ్బారావు నాయకత్వంలో ఆరుగురు, ప్రాథమిక హక్కులను తగ్గించే అధికారం పార్లమెంటుకు లేదన్నారు, ఐదుగురు ఉందన్నారు. పార్లమెంటు దానికి విరుగుడుగా సవరణలు తెచ్చింది. 1973 ఏప్రిల్ 24న కేశవానంద భారతి కేసులో పదముగ్గురు కూర్చుని, 7-6తో నడిమధ్య దారి చెప్పారు. ఏ భాగాన్నైనా సవరించొచ్చు, మౌలిక స్వరూపాన్ని చెరపరాదు. స్వేచ్ఛగా జరిగే ఎన్నికలు, న్యాయ సమీక్ష, లౌకికత్వం, సమాఖ్య స్వభావం వంటివి అందులోకి వస్తాయని తరవాతి తీర్పులు చెప్పుకుంటూ వచ్చాయి.

ఎన్నిక కాని జడ్జీలు ఎన్నికైన సభను ఆపడమేమిటని తెలివైన పిల్లలు ఎదురడుగుతారు. వాళ్లను నేను కసురుకోను, ఆ బెరుకు న్యాయమైనదే. నా జవాబు ఇది: ఇవాళ గెలిచిన మెజారిటీ రేపటి ఎన్నికనే రద్దు చేస్తే, రేపు ఓటేయాల్సినవాళ్ల తరఫున అడ్డుకునేది ఎవరు?

ఆదేశిక సూత్రాలు ఎందుకు, కోర్టులకు పోరాదు కద?

పోరాదు. ఆదేశిక సూత్రాలంటే ప్రభుత్వం ఎటు నడవాలో రాజ్యాంగం చెప్పిన మాటలు. కోర్టులకు పోలేకున్నా ప్రభుత్వం చట్టాలు చేసేటప్పుడు వాటిని పాటించాలని 37వ అధికరణ చెప్తోంది. 45లోని పిల్లల చదువు 2002లో 86వ సవరణతో 21-ఎ అయ్యి ప్రాథమిక హక్కుల్లోకి వచ్చింది. 40లోని గ్రామ పంచాయతీల మాట కింది ప్రశ్నలో చూడండి.

సర్పంచ్‌కు రాజ్యాంగంల చోటుందా, సర్కారు దయనా?

1993కు ముందు దయే. ఎన్నికలు పెడితే పెట్టినట్టు, లేకుంటే లేదు. 73వ సవరణ ఆ పరిస్థితిని మార్చింది. దాన్ని పార్లమెంటు 1992 డిసెంబరులో ఆమోదించినప్పుడు ప్రధాని పి.వి.నరసింహారావు. నర్సంపేట దగ్గరి లక్నేపల్లిలో పుట్టి వంగరలో పెరిగిన మనిషి, 1952లో కరీంనగర్‌లో ఓడిపోయిన ఆ అభ్యర్థే. సవరణ అమలులోకి వచ్చింది 1993 ఏప్రిల్ 24న, కేశవానంద తీర్పుకు సరిగ్గా ఇరవై ఏళ్లకు. పట్టణాలకు 74వ సవరణ వచ్చింది; మన గ్రేటర్ వరంగల్‌లోని 66 డివిజన్ల కార్పొరేటర్లు దాని కిందివాళ్లే.

గ్రామసభ, అయిదేళ్ల గడువు, రాష్ట్ర ఎన్నికల సంఘం, ఆర్థిక సంఘం, ఎస్సీ ఎస్టీలకు జనాభా ప్రకారం సీట్లు, ఆడవాళ్లకు కనీసం మూడో వంతు ఇప్పుడు రాజ్యాంగంలో ఉన్నాయి. తెలంగాణలో ఆడవాళ్ల వాటా సగం. 243-ఇ అధికరణ గడువు ముగియకముందే ఎన్నికలు పూర్తిచేయాలంటుంది. మరి జరిగిందేమిటి? 2019 జనవరిలో ఎన్నికైన పంచాయతీల గడువు 2024 మొదట్లో ముగిస్తే ఎన్నికలు 2025 డిసెంబరులో వచ్చాయి. మధ్యలో దాదాపు రెండేళ్లు ప్రత్యేకాధికారులు. అదే శాసనసభ ఎన్నికలు రెండేళ్లు ఆగితే ఊరుకుంటామా? పదకొండో షెడ్యూలులో 29 అంశాలున్నాయి, వాటిలో నిధులతో, సిబ్బందితో సహా పంచాయతీకి దిగినవి కొన్నే. సర్పంచ్ బిల్లుల కోసం అప్పులు చేసి తిరగడం మన ఊళ్లల్లో అందరూ చూసిందే.

గ్రామసభ అంటే ఓటర్లందరూ. సర్పంచ్ పిలిచిన పదిమంది కాదు. లెక్కలు అడిగే చోటు అది.

ఏజెన్సీల వేరే రాజ్యాంగమా?

అదే రాజ్యాంగం, అందులో ఏజెన్సీ (గిరిజన ప్రాంతాలు) కోసం రాసిన అయిదో షెడ్యూలు. ఏటూరునాగారం, తాడ్వాయి, కొత్తగూడ దిక్కు ఊళ్లు దాని కిందికి వస్తాయి. అక్కడ ఏదైనా చట్టం వర్తించదనో, మార్పులతో వర్తిస్తుందనో ప్రకటించే అధికారం గవర్నర్‌కు ఉంది. సలహాకు గిరిజన సలహా మండలి ఉంటుంది. 1959 నాటి భూబదలాయింపు నిబంధన 1963లో తెలంగాణకు వచ్చింది. 1970 నాటి సవరణతో గిరిజనేతరులకు ఆ ప్రాంతంలో భూమి బదిలీ చెల్లదు. గిరిజనేతరుడు మరో గిరిజనేతరుడికి అమ్మినా చెల్లదు. సుప్రీంకోర్టు 1988లో దీన్ని సమర్థించింది. 1997లో సమత తీర్పు సర్కారు కూడా ప్రైవేటు కంపెనీలకు అక్కడి భూమిని గనుల లీజుకు ఇవ్వరాదంది. పంచాయతీ వ్యవస్థను ఈ ప్రాంతాలకు తెచ్చిన 1996 నాటి పెసా చట్టం గ్రామసభకు ఇంకా పెద్ద మాట ఇచ్చింది.

అయితే రక్షణలకూ హద్దులున్నాయి. ఏజెన్సీ టీచర్ ఉద్యోగాలన్నీ గిరిజనులకే ఇచ్చిన 2000 నాటి జీవో 3ను 2020 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు కొట్టేసింది, నూటికి నూరు రిజర్వేషన్ కుదరదంది. మేడారం జాతరకు పోయినప్పుడు గద్దెల దగ్గర మొక్కి తిరిగొస్తాం. దారిలో తాడ్వాయి అడవి అంచున పోడు చేసుకునే కోయ రైతును ఒక్కసారి అడగండి, ఆయన చేతిలో పట్టా ఉందా అని. కాగితం మీద ఇంత రక్షణ ఉన్న మనిషి ఇప్పటికీ ఎందుకు ఆఫీసుల చుట్టూ తిరుగుతున్నాడన్నది నేను జవాబు చెప్పలేక తలవంచుకునే ప్రశ్న.

తెలుగుల దొరుకుతదా? ఎక్కడినుంచి మొదలుపెట్టాలె?

దొరుకుతుంది. కేంద్ర న్యాయశాఖలోని శాసన విభాగం తెలుగు పాఠాన్ని ప్రచురించింది. భాష కొంచెం గట్టిగానే ఉంటుంది, భయపడొద్దు. మొదటి పేజీ నుంచి వరసగా చదివితే పదో అధికరణ దగ్గరే నిద్రొస్తుంది. పీఠిక చదవండి, తరవాత 14 నుంచి 32 దాకా. అటుపైన 243 తీసి మీ పంచాయతీతో పోల్చుకోండి. ఏజెన్సీ పిల్లలైతే ముందు అయిదో షెడ్యూలు. నాలుగు పేజీలు కూడా ఉండదు. అర్థం కాని వాక్యం కింద పెన్సిల్‌తో గీత పెట్టుకుని తెచ్చుకోండి, కలిసి కూర్చుని చదువుదాం.